బండికి కందెన, మనిషికి మజిలీ



పోయిన నెల పింఛను కాగితాల గురించి రాసినాను. అదే సంగతి ఇంకొంచెం రాద్దామనుకుంటాంటే, మన పత్రిక చదివే ఒక ఆడబిడ్డ ఒక మాట అడిగింది. ఆ పాప వాళ్ల నాయన నాతోపాటు స్పిన్నింగులో పనిచేసినోడు. పాప ఇప్పుడు బెంగళూరు పక్కన ఒక గార్మెంట్సులో కుట్టుమిషను మీద ఉండాది. "మామా, ఆదివారం కూడా పనికి రమ్మంటాండారు. పోతే దుడ్డు వస్తుంది. ఇంట్లో అప్పు ఉండాది. నెలలో నాలుగు ఆదివారాలూ పోదామనుకుంటాండాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఏమొస్తుంది మామా?" అని అడిగింది.

"ఏమొస్తుంది" అనే మాటకు జవాబు చెప్పాలంటే మనం దూరం పోయి రావాల. మంచు దేశం దాకా పోవాల. మన మిట్టేమరి పక్క మంచు అంటే మార్గశిరంలో తెల్లారుజామున రాగి చేను మీద పొగ మాదిరి దిగేదే. ఎండ వస్తే పోతుంది. నేను చెప్పే మంచు ఎండొచ్చినా పోయేది కాదు. మా మనవరాలు పుస్తకం చదివి వినిపిస్తే నేను విన్నాను. నాది అయిదో తరగతి చదువు. ఆ ఊళ్ల పేర్లు నోరు తిరగవు. కానీ పని చేసినోడికి పని సంగతి చెబితే అర్థమవుతుంది.

ముందు మన తెలుగు బిడ్డ నుంచి మొదలుపెడతాను. మాలావత్ పూర్ణ పేరు మీరు విని ఉంటారు. నిజామాబాదు జిల్లా పాకాల ఊరు. అమ్మానాయనా కూలిపని చేసేవాళ్లు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటా, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పాపకు 14 ఏళ్లు నిండలేదు. ఖమ్మం పక్క నుంచి ఆనంద్ కుమార్ అనే పిల్లోడు కూడా ఆమెతోనే ఎక్కినాడు. ఆ పాప అక్కడితో ఆగలేదు. 2019 డిసెంబరులో దక్షిణ ధ్రువ ఖండంలోని విన్సన్ కొండ, 2022 జూన్‌లో అమెరికా ఉత్తరాన అలాస్కాలోని డెనాలి కొండ కూడా ఎక్కి, ఏడు ఖండాల పెద్ద కొండలూ ముగించింది.

ఇంత పెద్ద కొండ ఎక్కేవాళ్లు దినామూ ఎక్కుతానే ఉంటారని మనం అనుకుంటాం. అట్ల ఎక్కితే చచ్చిపోతారు. ఎవరెస్టు కింది గుడారాల దగ్గరే గాలిలో మనకు పనికొచ్చే ఆక్సిజను సగమే అందుతుంది. కొన మీద మూడో వంతు. ఒళ్లు దానికి అలవాటు పడాల. రక్తంలో ఎర్ర కణాలు పెరగాల. అవి పెరిగేదానికి దినాలు, వారాలు పడుతుంది. దానికని కొంచెం ఎక్కుతారు, దిగుతారు, ఒక దినం ఆగుతారు. మళ్లీ ఇంకొంచెం పైకి పోతారు, మళ్లీ ఆగుతారు. ఆగిన దినం కాళ్లు కదలవు గానీ లోపల రక్తం పని చేస్తానే ఉంటుంది.

డెనాలి మీద పద్ధతి ఇంకా చూడదగ్గది. చిన్న విమానం మంచు మీదనే దించిపోతుంది. అక్కడి నుంచి వీపు మీద మూట, వెనకాల తాడుతో లాగే జారుడు తొట్టి. తిండీ నూనే అంతా ఒకేసారి మోసుకుపోలేరు. సగం సామాను పైదాకా మోసి, మంచులో గుంత తీసి పూడ్చి, గుర్తుకు కర్ర నాటి, కిందికి దిగి పండుకుంటారు. మరుసటి దినం మిగిలింది తీసుకొని పోతారు. 14,000 అడుగుల ఎత్తున ఒక మజిలీ ఉంది. అక్కడ ఆగి, కింద పూడ్చిన సరుకు పైకి తెచ్చుకొని, ఒళ్లు కుదురుకున్నాకనే ఇంకా పైకి కాలు పెడతారు. తొందరపడినోళ్లకు తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీళ్లు. కొంతమంది తిరిగి రాలేదు.

ఇంక కొండ కాకుండా, చదునుగా పరుచుకున్న మంచు మీద నెలల కొద్దీ పోయేవాళ్లు ఉంటారు. దానికి స్కీలు కట్టుకుంటారు. స్కీ అంటే కాలికి కట్టుకునే సన్నటి పొడుగాటి పలక. మన గుడ్డ పనోళ్లకు నచ్చే సంగతి ఒకటి ఉండాది ఇందులో. ఆ పలక అడుగున ఒక గుడ్డ పట్టీ అంటిస్తారు. మేక బొచ్చుతో, నైలానుతో వెల్వెట్టు మాదిరి నేసిన గుడ్డ. దాని నూగు ఒకే దిక్కుకు పండుకొని ఉంటుంది. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి పోబోతే నూగు నిక్కి మంచును పట్టుకుంటుంది. నూగుకు దిక్కు ఉంటుందని వీవింగులో చేసినోళ్లకు ఎవరూ చెప్పక్కరలేదు. మనిషి ప్రాణం ఆ గుడ్డ నూగు మీద నడుస్తుందంటే మన పని మీద మనకే గౌరవం వస్తుంది.

మన దేశపు ఆడమనిషి కూడా అట్ల పోయింది. రీనా కౌశల్ ధర్మశక్తు అనే ఆమె, కామన్వెల్తు దేశాల ఆడవాళ్ల గుంపులో స్కీల మీద సుమారు 900 కిలోమీటర్లు పోయి, 2009 డిసెంబరు 29న దక్షిణ ధ్రువం చేరింది. అట్ల చేరిన మొదటి భారతీయ మహిళ ఆమే. నడుముకు పట్టీలు కట్టుకొని తొట్టి లాక్కుంటా, నెలకు పైగా, ఎదురుగాలిలో, చెట్టూ పుట్టా లేని తెల్లటి నేల మీద పోవాల.

సముద్రం అంచు నుంచి ధ్రువానికి 1,100 కిలోమీటర్లకు పైగా ఉండే దారి ఒకటుంది. ఆ దారి నడిమధ్యలో థీల్ కొండలని ఉన్నాయి. అక్కడ మంచు మీద విమానం దిగుతుంది. చానామంది పయనం వాళ్లు అక్కడ సరుకు దింపించుకొని, ఒక దినం ఆగుతారు. ఆ ఆగిన దినం ఏం చేస్తారో విన్నాక నాకు మన మిల్లు రజా దినం కళ్ల ముందర ఆడింది.

మొదటి పని నిద్ర. అప్పుడు అక్కడ రాత్రి ఉండదు, 24 గంటలూ ఎండే. గుడారంలో కళ్లకు గుడ్డ కట్టుకొని పండుకుంటారు. లేచినాక తిండి. స్కీ మీద తొట్టి లాగేవాళ్లకు దినానికి 5,000 కెలోరీలకు పైగా కావాల. మనం ఇంట్లో తినేదానికి రెండింతల మీద. వెన్న, చాక్లెట్లు, బాదం జీడిపప్పులు, ఎండబెట్టిన మాంసం నమలతానే ఉన్నా కండ కరిగిపోతుంది. ఆగిన దినం కొంచెం ఎక్కువ తింటారు.

ఆ తర్వాత దింపిన సరుకు విప్పి లెక్క. ఒక్కో దినానికి ఒక్కో సంచి. ఇన్ని దినాలకు ఇన్ని సంచులు. పొయ్యి నూనె సీసాలు లెక్క. అక్కడ తాగే నీళ్లు కూడా మంచు కరిగిస్తేనే. నూనె అయిపోతే దాహంతో పోవాల్సిందే, చుట్టూ అంత నీళ్లు గడ్డకట్టి ఉన్నా. పొయ్యి విప్పి మసి తుడుస్తారు. సూదీ దారం తీసి చినిగిన పట్టీలు, చేతి తొడుగులు కుట్టుకుంటారు. స్కీ అడుగు గుడ్డ ఊడి ఉంటే మళ్లీ అంటిస్తారు. నిద్ర సంచి లోపల ఒంటి చెమట మంచై గడ్డకట్టి ఉంటుంది, దాన్ని ఎండలో వేసి ఆరబెడతారు. కాలి బొబ్బలకు మందు. బుగ్గలు, ముక్కు, వేళ్లు మంచు కొట్టి నల్లబడతాండాయేమో ఒకరిది ఒకరు చూస్తారు. తన ముఖం తనకు కనపడదు గదా. చెత్తంతా మూటకట్టి విమానంలో వెనక్కి పంపుతారు, అక్కడ కాగితం ముక్క పారేయకూడదు.

సాయంత్రానికి తొట్టి మళ్లీ నిండుతుంది, మళ్లీ బరువెక్కుతుంది. పొద్దున్నే పట్టీ కట్టుకోవాల.

ఇందులో ఇంకో లెక్క ఉండాది, అది మన పాప వినాల. ఆగిన దినం కూడా మనిషి తింటాడు, నూనె కాలుతుంది, దూరం మాత్రం తగ్గదు. రజాకు కూడా ఆకలి ఉంటుంది. దానికని ఆ పయనం వాళ్లు బయలుదేరక ముందే ఆగే దినాలకు కూడా సంచులు కట్టి పెట్టుకుంటారు. 40 దినాల నడక అయితే 40 సంచులతో ఎవరూ బయలుదేరరు. గాలివాన దినాలు, ఆగే దినాలు కలిపి లెక్క వేస్తారు. ముందు లెక్కలో లేని రజా మధ్యలో తీసుకోవాలంటే కడుపు ఒప్పుకోదు.

సరుకు లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. వంద ఏళ్లు దాటింది. దక్షిణ ధ్రువానికి ముందు ఎవరు పోతారని నార్వే వాళ్లకు, ఇంగ్లీషు వాళ్లకు పోటీ. నార్వే మనిషి అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న చేరినాడు. ఇంగ్లీషు మనిషి స్కాట్ 1912 జనవరి 17న చేరినాడు. అముండ్‌సెన్‌తో పోయిన నలుగురూ తిరిగొచ్చినారు. స్కాట్, అతనితో పోయిన నలుగురూ, అయిదుగురూ దారిలోనే పోయినారు.

ఇద్దరూ ధైర్యస్తులే. స్కాట్ వాళ్ల కష్టం చిన్నది కాదు, దినానికి తొమ్మిది పది గంటలు తామే తొట్టి లాగినారు. అముండ్‌సెన్ కుక్కలతో లాగించినాడు. వాతావరణం మంచిగా ఉన్నా దినానికి ఇంత దూరం అని గీత గీసుకొని, అయిదారు గంటలు పోయి, మిగతా పొద్దు తిండీ నిద్రా. ముందే పోయి దారిలో తిండి దిబ్బలు పెట్టి వచ్చినాడు. మంచు గాలిలో దిబ్బ కనపడకపోతే ఎట్లని, దిబ్బకు రెండు పక్కలా అడ్డంగా కిలోమీటర్ల కొద్దీ జెండాలు నాటినాడు. దారి తప్పి ఏ పక్కకు పోయినా ఏదో ఒక జెండా తగలాల.

స్కాట్ వాళ్లు కూడా దిబ్బలు పెట్టినారు. అన్నిటికంటే పెద్దదాన్ని 80వ అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్నారు. గుర్రాలు అలిసిపోయినాయని, 1911 ఫిబ్రవరిలో దానికి సుమారు 57 కిలోమీటర్లు ఇవతలే దించేసి వెనక్కి తిరిగినారు. ఏడాది తర్వాత ధ్రువం నుంచి వస్తా, కడాకు మిగిలిన ముగ్గురు ఆ దిబ్బకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గుడారంలో ప్రాణం విడిచినారు. అనుకున్న చోట పెట్టి ఉంటే ఆ దిబ్బ వాళ్లకు ముందే తగిలి ఉండేది.

ఇంకోటి వినండి. దిబ్బల్లో పెట్టిన నూనె డబ్బాలు తీసి చూస్తే నూనె తక్కువగా ఉండేది. మూత కింద తోలు వాషరు. ఆ చలికి తోలు బిగుసుకొని సందు ఇచ్చింది, నూనె ఆవిరైపోయింది. అముండ్‌సెన్ తన డబ్బాలకు టంకం పెట్టించినాడు. ఒక వాషరు! మిల్లులో ఫిట్టరు పని చేసినోళ్లకు నేను చెప్పాలా? అణాకాసు వాషరు కోసం ఎన్ని మిషన్లు ఆగినాయో మనకు తెలీదా?

మిల్లు మాట వచ్చింది గదా. మిల్లుకు వారపు రజా ఉండే కాలంలో, ఆ దినం మిల్లు పూర్తిగా పండుకునేది కాదు. మనం ఇంటికి పోయినాక ఆయిలరు, ఫిట్టరు లోపలికి పోయేవాళ్లు. స్పిండిళ్లకు నూనె, అరిగిన బెల్టు మార్పు, కార్డింగులో పళ్లకు సాన, మూలమూలనా చేరిన దూది దుమ్ము ఊడ్పు. మరుసటి పొద్దు మిషను చప్పుడే వేరేగా ఉండేది. దారం తెగేది తగ్గేది. ఇనుముకు రజా కావాలని యజమానికి ఎవరూ చెప్పక్కరలేదు, వాళ్లకు తెలుసు. నెత్తురూ కండా ఉన్న మనిషికి కూడా కావాలని చెప్పేదానికే పోట్లాట జరిగింది.

ఆ పోట్లాట చేసింది మన మాదిరి గుడ్డ మిల్లు వాళ్లే. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే పెద్దమనిషి 1884లో మిల్లు కూలీల సంఘం పెట్టి, వారానికి ఒక దినం రజా కావాలని ఏళ్ల తరబడి అడిగినాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం రజాకు ఒప్పుకున్నారు. ఈ దినం ఆఫీసుల్లో, బ్యాంకుల్లో కూర్చునే వాళ్లకు కూడా ఆదివారం అంటే ఎంత ఇష్టమో, దాని వెనక మిల్లు కూలోళ్ల చెమట ఉండాదని చానామందికి తెలీదు. మన పిల్లలకన్నా మనం చెప్పాల.

స్వాతంత్ర్యం వచ్చినాక 1948లో ఫ్యాక్టరీల చట్టం రాసినారు. వారానికి ఒక దినం పూర్తి రజా. ఆ దినం పని చేయించుకుంటే, దానికి ముందు మూడు దినాల్లోనో వెనక మూడు దినాల్లోనో మారు రజా ఇవ్వాలని అందులో ఉండేది. పూర్తి రజా లేకుండా పది దినాలకు మించి వరసగా పని చేయించకూడదని ఉండేది. దినానికి 9 గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెండింతల కూలి అని ఉండేది. ఇప్పుడు చట్టాల పేర్లు మారినా, వారానికి ఒక రజా, ఓవర్‌టైముకు రెండింతలు అనే మాటలు అట్లనే ఉండాయి.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తాండానంటే, నేను చూసిన సంగతి ఒకటుంది. మిల్లు పేరు వద్దు, మనిషి పేరూ వద్దు. చెల్లెలి పెళ్లి అప్పు తీర్చాలని మా జతగాడు ఒకడు మూడు వారాలు రజా లేకుండా, మధ్య మధ్య రెండు పాళీలు కలిపి చేసినాడు. మంచి పనోడు. కళ్లు మూసుకొని మిషను నడపగలడని మేమే పొగిడేవాళ్లం. ఒక తెల్లారుజామున నిజంగానే కళ్లు మూతపడినాయి. కుడిచేతి రెండు వేళ్లు పోయినాయి. ఆ మూడు వారాల్లో వచ్చిన ఎక్కువ కూలి ఆసుపత్రి దారి ఖర్చులకే చాల్లేదు. ఆ తర్వాత అతను పట్టుకోగలిగిన పనికి సగం కూలి. అప్పు తీరేదానికి ఇంకా ఎక్కువ ఏళ్లు పట్టింది. కుట్టుమిషను సూది కూడా వేలిని చూసి తప్పుకోదు పాపా.

మగవాళ్లకు ఒక మాట. మంచులో ఆగిన దినం అందరూ పని పంచుకుంటారు. ఒకరు పొయ్యి చూస్తే ఒకరు కుడతారు. ఒకరు పండుకొని ఇంకొకరు ఆ గుంపు బట్టలన్నీ ఉతికేది ఉండదు. మన ఇళ్లల్లో ఆదివారం ఎట్ల ఉంటుంది? మొగుడికి రజా, పెళ్లానికి రెండింతల పని. తలంటు, మాంసం కూర, వారం బట్టలు, ఇల్లు కడిగేది. ఆమె కూడా ఆరు దినాలు ఫ్యాక్టరీలో నిలబడి వచ్చిందే. ఒక్కరు ఆగి ఒక్కరు లాగితే దాన్ని మజిలీ అనరు. బిందె నీళ్లు తెచ్చేదానికి, సంగటి కెలికేదానికి మీసం అడ్డం రాదు. రాగి సంగటి బాగా కెలకాలంటే మగవాళ్ల రెట్టబలమే మేలు, చేసి చూడండి.

ఇప్పుడు పాపకు జవాబు.

అమ్మా, నీ అప్పు నిజం. రజా తీసుకోమని చెప్పేవాళ్లెవరూ నీ వడ్డీ కట్టరు. నేనూ కట్టను. అది తెలిసే చెప్తాండాను. వడ్డీ గొంతు దాకా వచ్చి ఉంటే నెలలో ఒక ఆదివారం పో. ఆ వారంలోనే మారు రజా అడుగు. నోటి మాటగా వద్దు, హాజరు కార్డులో పడేటట్టు చూడు. ఎక్కువ గంటలకు రెండింతలు లెక్క వేసినారా లేదా జీతం చీటీలో చూసుకో. ఒక్కదానివే అడిగేదానికి భయమైతే నీ వరసలో ఉండే నలుగురు కలిసి అడగండి. నాలుగుకు నాలుగూ మాత్రం అమ్మొద్దు.

ఇంటి లెక్క 26 దినాల కూలి మీద వెయ్యి. చీటీ పాట ఎత్తినా, సంఘంలో లోను తీసుకున్నా, కంతు కట్టేది 26 దినాల కూలిలో నుంచి వచ్చేటట్టు ఉండాల. 30 దినాల కూలిని నమ్ముకొని కంతు ఒప్పుకుంటే, ఒక జ్వరం చాలు, తొట్టి బోర్లాపడేదానికి. ఆ మంచు పయనం వాళ్లు ఆగే దినానికి కూడా సంచి కట్టుకుంటారని చెప్పినానే, అది ఇదే.

మిగిలిన ఆదివారాలు ఏం చేయాలంటే, వాళ్లు చేసినట్టే చెయ్యి. ముందు నిద్రపో. వారానికి కావాల్సిన బియ్యం, రాగిపిండి, చెనిక్కాయలు, బెల్లం చూసిపెట్టుకో. మధ్యాన్నం బయట బజ్జీలకు పోయే దుడ్డు మిగులుతుంది. చెప్పు తెగి ఉంటే కుట్టించుకో. వేలికి సూది గుచ్చుకున్న చోట చీము పట్టిందేమో చూసుకో, ఈఎస్‌ఐ కార్డు యాడుండాదో తీసి పెట్టు. నెలకోసారి పీఎఫ్ లెక్క చూడు, నీ జీతంలో పట్టుకున్నది అందులో పడిందా లేదా అని. అమ్మకు ఫోను చెయ్యి. జతగత్తె ముఖం నువ్వు చూడు, నీ ముఖం ఆమె చూస్తుంది. ఇవన్నీ సరుకు నింపుకునేదే.

మన పెద్దోళ్లు మిట్టేమరి నుంచి ఎద్దులబండి మీద సంతకు పోయేటప్పుడు, దారిలో చెట్టు కింద ఆగి, ఎద్దులను విప్పి, నీళ్లు చూపించి, ఇరుసుకు కందెన రాసి మళ్లీ కట్టేవాళ్లు. ఆ కొంచెం సేపు ఆగినందుకు సంతకు ఆలస్యమైందని ఎవరూ అనలేదు. కందెన లేని బండి కీచుమంటా నాలుగు మైళ్లు పోతుంది, అయిదో మైలులో ఇరుసు విరుగుతుంది.

వచ్చే నెల పీఎఫ్ పేరులో, ఆధారులో పుట్టిన తేదీ తేడా ఉంటే ఏం చేయాలో రాస్తాను. ఆ తిప్పలు పడతాండే వాళ్లు మీ సంగతి ఒక ఉత్తరం ముక్కలో రాసి పంపండి.